మధ్య తరహా స్పోర్ట్స్ బైకులకు గిరాకీ ఎందుకు తగ్గింది? బెంగళూరు రోడ్ల మీంచి ఒక లెక్క

బెంగళూరులో ఏ పీజీ ముందు చూసినా ఒకటో రెండో యమహా ఆర్15 స్పోర్ట్స్ బైకులు నిలబెట్టి ఉంటాయి. అదే పీజీలో నలుగురు బైకుల గురించి మాట్లాడుకుంటే మాత్రం "స్పోర్ట్స్ బైకుల పని అయిపోయింది" అన్న మాట తప్పకుండా వినపడుతుంది. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

తగ్గుతున్నది స్పోర్ట్స్ బైకుల్లో నడిమి వరస. కాలేజీ కుర్రాళ్లు కొనే 150 సీసీ బండికీ, డబ్బున్నవాళ్లు కొనే లీటరు (1000 సీసీ) బండికీ మధ్య ఉండే మెట్టు అది. ఒకప్పుడు కర్నూలు నుంచో ఒంగోలు నుంచో వచ్చి మారతహళ్లిలో ఉద్యోగంలో చేరిన కుర్రాడు రెండు మూడేళ్లు జీతం పెరిగాక ఎక్కాలనుకున్న మెట్టు అదే. ఇప్పుడు అతని చేతిలో అంతకంటే ఎక్కువ డబ్బే ఉంది. కానీ షోరూమ్‌కి వెళ్లి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బుక్ చేస్తున్నాడు, లేకపోతే ట్రయంఫ్ స్పీడ్ 400.

## "మధ్య తరహా" అంటే ఎంత? "స్పోర్ట్స్" అంటే ఏమిటి?

సగం గందరగోళం ఈ మాటల్లోనే ఉంది. యూరప్, అమెరికాల్లో మధ్య తరహా స్పోర్ట్స్ బైక్ అంటే 600 సీసీ చుట్టూ ఉండే బండి: యమహా ఆర్6, హోండా సీబీఆర్600ఆర్ఆర్, సుజుకి జీఎస్ఎక్స్-ఆర్600, కవాసాకి జెడ్ఎక్స్-6ఆర్. మన దగ్గర అదే మాట 250 నుంచి 400 సీసీ బండ్లకు వాడుతున్నాం: నింజా 300, కేటీఎం ఆర్‌సీ 390, యమహా ఆర్3, టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310. అక్కడి వార్త చదివి ఇక్కడి బండ్లకు అన్వయించేస్తే లెక్క తప్పుతుంది. రెండు చోట్లా గిరాకీ తగ్గింది గానీ కారణాలు పూర్తిగా ఒకటి కావు.

ఇక స్పోర్ట్స్ అన్నది ఇంజిన్ సైజును బట్టి పెట్టిన పేరు కాదు. ముందు గాలిని చీల్చే ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, దాన్ని ఫెయిరింగ్ అంటారు. హ్యాండిల్‌బార్ ఒకే కడ్డీగా పైకి ఉండకుండా, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులకు రెండు పక్కలా కిందికి బిగించి ఉంటుంది, అవి క్లిప్-ఆన్‌లు. కాళ్లు పెట్టుకునే పెగ్గులు వెనక్కి, పైకి ఉంటాయి. ఈ మూడూ కలిస్తే నడిపేవాడు ముందుకు వంగుతాడు. తొడుగు తీసేసి, హ్యాండిల్ పైకి లేపితే దాదాపు అదే ఇంజిన్‌తో నేకెడ్ బండి అవుతుంది. సస్పెన్షన్ పొడవు పెంచి, ముందు పెద్ద చక్రం వేస్తే అడ్వెంచర్ బండి అవుతుంది. ఒకే ఇంజిన్ మూడు వేషాలూ వేయగలదన్న సంగతి కాస్త గుర్తుంచుకోండి, కంపెనీల గురించి మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

## ముందు ఆగింది యూరప్‌లోని 600లు

ఆర్6 1999లో వచ్చింది. 599 సీసీ, నాలుగు సిలిండర్లు. చివరి తరం బండి దాదాపు 118 హార్స్‌పవర్ ఇచ్చేది, అదీ 14,500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. ఇంత చిన్న ఇంజిన్ అంత శక్తి ఇవ్వాలంటే విపరీతమైన వేగంతో తిరగాల్సిందే. అలా తిరిగే ఇంజిన్‌ను యూరో 4, యూరో 5 కాలుష్య నిబంధనల్లో ఇమడ్చడం కష్టమే కాదు, ఖర్చు కూడా. అప్పటికే అమ్మకాలు నీరసించి ఉన్నాయి. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత అమెరికాలో మోటార్‌సైకిళ్ల అమ్మకాలు దాదాపు సగానికి పడిపోయాయి. అప్పు మీద 600 కొనే కుర్రవాళ్లు ఆ దెబ్బకు ముందుగా కనుమరుగయ్యారు. వాళ్ల బండ్లకు ఇన్సూరెన్స్ ప్రీమియం ముందు నుంచీ మండిపోతూనే ఉంది.

అందుకే హోండా 2017లో సీబీఆర్600ఆర్ఆర్‌ను యూరప్ మార్కెట్ నుంచి తీసేసింది. 2020తో యూరప్ రోడ్ల మీద ఆర్6 కథ ముగిసింది. తర్వాత రేస్ ట్రాక్ కోసం మాత్రమే అమ్మారు. 2021లో యమహా ఆర్7 తెచ్చింది. సిలిండర్లు రెండే, శక్తి 73 హార్స్‌పవర్. అంకెల్లో చూస్తే వెనకడుగే. కానీ అమెరికాలో ఆర్6 చివరి ధర 12,199 డాలర్లయితే ఆర్7ను 8,999కి పెట్టారు. మామూలు రోడ్డు మీద వాడుకునే వేగంలో కొత్త ఇంజిన్ పాతదానికంటే బాగా లాగుతుంది కూడా. ట్రయంఫ్ 2024లో తెచ్చిన డేటోనా 660 కథా ఇంతే. పాత డేటోనా 675 కంటే దాని శక్తి బాగా తక్కువ.

అయితే పూర్తిగా కొట్టేయడానికీ లేదు. 2024లో హోండా తన 600ను యూరప్‌కు తిరిగి తెచ్చింది. అదే ఏడాది జనవరిలో కవాసాకి జెడ్ఎక్స్-6ఆర్ మన దేశంలో 11.09 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరతో దిగింది. బతికే ఉన్నాయి, కాకపోతే వేలల్లో అమ్ముడుపోయే బండ్లుగా కాదు.

## ఒకే టార్క్, రెండు బండ్లు: అంకెలతో ఒక ఉదాహరణ

మన బండ్ల దగ్గరికి వద్దాం. టార్క్ అంటే ఇంజిన్ తిప్పే బలం. పవర్ అంటే ఆ బలాన్ని అది ఎంత వేగంగా అందిస్తుందన్నది. బలం అంతే ఉన్నా ఆర్‌పీఎం రెట్టింపైతే పవర్ కూడా రెట్టింపవుతుంది.

2017 డిసెంబర్‌లో వచ్చిన అపాచీ ఆర్ఆర్ 310 గరిష్ఠ టార్క్ 27.3 న్యూటన్ మీటర్లు, 7,700 ఆర్‌పీఎం దగ్గర. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి 27 న్యూటన్ మీటర్లు, 4,000 ఆర్‌పీఎం దగ్గర. బలం దాదాపు సమానమే చూశారా! కానీ ఆర్ఆర్ ఆ బలాన్ని దాదాపు రెట్టింపు వేగంతో తిరుగుతూ ఇస్తుంది కాబట్టి, ఆ స్థానంలో దాని పవర్ కూడా క్లాసిక్‌కు రెట్టింపు, సుమారు 30కి 15 హార్స్‌పవర్. ఖాళీ రోడ్డు మీద రెండూ పోటీ పడితే చెప్పేదేముంది, క్లాసిక్ అద్దాల్లో కూడా కనపడదు.

సర్జాపూర్ రోడ్డు మీద ఇదే లెక్క తిరగబడుతుంది. అక్కడ ఇంజిన్ మూడు వేలు, నాలుగు వేల ఆర్‌పీఎం మధ్యే నలుగుతూ ఉంటుంది. క్లాసిక్‌కు ఉన్న బలమంతా ఆ జాగాలోనే ఉంది. ఆర్ఆర్ బలం ఇంకా పైన ఎక్కడో ఉంది. గేర్ తగ్గిస్తే అదీ లాగుతుంది, స్పోర్ట్స్ బండ్ల గేరింగ్ ఆ లోటును చాలావరకు పూడుస్తుంది కూడా. కాబట్టి క్లాసిక్ ముందు ఆర్ఆర్ తేలిపోతుందని కాదు. ఆ పని కోసం ఎడమ చెయ్యి క్లచ్ మీద, ఎడమ కాలు గేరు మీద పొద్దస్తమానం ఆడుతూనే ఉండాలి. 2020లో బీఎస్6 (మన దేశపు కాలుష్య నిబంధనలు) రూపంలో వచ్చిన ఆర్ఆర్‌లో "అర్బన్" మోడ్ పెట్టి పవర్‌ను 34 నుంచి దాదాపు 26కి కోశారు. ఊళ్లో మొత్తం పవర్ అక్కర్లేదని తయారుచేసినవాళ్లకూ తెలుసన్నమాట.

## సిల్క్ బోర్డ్ దగ్గర ముందుకు వంగి

టామ్‌టామ్ సంస్థ 2024 ట్రాఫిక్ సూచీ ప్రకారం బెంగళూరులో 10 కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 34 నిమిషాలు పట్టింది. గంటకు 18 కిలోమీటర్లు కూడా లేదు.

ఈ వేగం దగ్గర వంగి కూర్చోవడం ఎలా ఉంటుందో సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ఆర్‌సీ మీద ఉన్నవాడిని చూస్తే తెలుస్తుంది. సిగ్నల్ పడగానే చేతులు క్లిప్-ఆన్‌ల మీంచి తీసి తొడల మీద పెట్టుకుంటాడు, మణికట్లు ఒకటికి రెండుసార్లు తిప్పుకుంటాడు. వంపు వల్ల ఒంటి బరువు చేతుల మీద పడుతుంది. వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలి ఛాతీని కాస్త పైకి లేపి ఆ బరువు తగ్గిస్తుంది, ఇక్కడ గాలే లేదు. రేడియేటర్ ఫ్యాన్ గుయ్యిమని తిరుగుతూ ఇంజిన్ వేడినంతా మోకాళ్ల మీదికి తోస్తుంది. సందులోంచి దూరుదామంటే హ్యాండిల్ పూర్తిగా తిరగదు. ఆర్‌సీ వాడి పక్కన స్కూటర్ మీద ఉన్న పెద్దాయన నింపాదిగా ముందుకు వెళ్లిపోతాడు.

వెనక సీటు సంగతి ఇంకో కథ. తెలిసిన అనంతపురం కుర్రాడొకడు ఊరి నుంచి వచ్చిన అమ్మను మెజెస్టిక్ నుంచి రూముకు తీసుకెళ్లడానికి తన స్పోర్ట్స్ బండి తెచ్చాడు. ఆమె ఒకసారి ఎక్కబోయి దిగిపోయి, "ఇదేం బండిరా నాయనా, సీటు తీసుకుపోయి అటక మీద పెట్టినారు" అని ఆటో పిలవమంది. నవ్వుకోవచ్చు గానీ ఇంట్లో ఒకటే బండి ఉన్నప్పుడు ఈ మాట కొనుగోలునే మార్చేస్తుంది. పెళ్లి సంబంధాలు చూస్తున్న వయసులో కొనే బండి కదా.

ట్రాఫిక్ ఊరికే పరిమితం, ఆదివారాలు ఉన్నాయి కదా అనొచ్చు. కానీ స్పోర్ట్స్ బండి హాయిగా పరుగెత్తే నున్నటి, వెడల్పాటి రోడ్లు ఒక్కొక్కటే బైకులకు మూసుకుపోతున్నాయి. బెంగళూరు–మైసూరు హైవే ప్రధాన మార్గం మీద 2023 ఆగస్టు 1 నుంచి ద్విచక్ర వాహనాలు నిషేధం, సర్వీస్ రోడ్డులో పోవాలి. చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కూడా బైకులకు కాదు. అనుమతి ఉన్న నాలుగు వరసల రోడ్ల మీద కేంద్రం 2018లో బైకులకు పెట్టిన గరిష్ఠ పరిమితి గంటకు 80 కిలోమీటర్లు. ఆర్ఆర్ 310కి కంపెనీ చెప్పిన గరిష్ఠ వేగం 160.

మిగిలింది హైదరాబాద్ వైపు వెళ్లే 44వ నంబరు హైవే. ఆదివారం పొద్దున దేవనహళ్లి, బాగేపల్లి దాటుకుంటూ లేపాక్షికి టిఫిన్ రైడ్ వెళ్లేవాళ్లలో సగం మంది మాట్లాడేది తెలుగే. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మలుపులో కాసేపు నిలబడి చూడండి. పక్కన పెట్టెలు బిగించిన హిమాలయన్‌లు, మట్టి కొట్టుకున్న 390 అడ్వెంచర్‌లు, భార్యాభర్తలిద్దరూ జాకెట్లు వేసుకొచ్చిన మీటియర్‌లు. వీళ్లలో చాలామంది లేపాక్షితో ఆగరు, గండికోటకో హార్స్‌లీ హిల్స్‌కో పోతారు. దారిలో ఊళ్లు, ఊరికి నాలుగేసి స్పీడ్ బ్రేకర్లు. హిమాలయన్ 450 గ్రౌండ్ క్లియరెన్స్ 230 మిల్లీమీటర్లు, ట్యాంకు 17 లీటర్లు. ఆర్ఆర్ 310కి 180 మిల్లీమీటర్లు, 11 లీటర్లు. అందరూ వేగం వద్దనుకున్నారని నేననుకోను. వాళ్లకు దూరం కావాలి, మోసుకెళ్లే సామాను ఉంది, వెనక మనిషి ఉంది.

## 350 సీసీ దగ్గర పన్ను గీత

డబ్బు లెక్క కాస్త నెమ్మదిగా చూడాలి, ఎందుకంటే ఇది ఈ మధ్యే మారింది. 2025 సెప్టెంబర్ 22కు ముందు 350 సీసీ వరకు బండ్లకు జీఎస్టీ 28 శాతం, అది దాటితే 28 మీద 3 శాతం సెస్సు. ఆ తేదీ నుంచి 350 వరకు 18 శాతం, దాటితే 40 శాతం.

పన్నులు కలపకముందు సరిగ్గా 2,50,000 రూపాయలుండే రెండు బండ్లు ఉన్నాయనుకుందాం, ఒకటి గీతకు ఇటు, ఇంకొకటి అటు. పాత పద్ధతిలో మొదటిది 3,20,000, రెండోది 3,27,500. తేడా 7,500. కొత్త పద్ధతిలో మొదటిది 2,95,000, రెండోది 3,50,000. తేడా 55,000 అయింది. కర్ణాటకలో లక్ష దాటిన బైకులకు జీవితకాల పన్ను 18 శాతం, కాబట్టి ఆ తేడా మీద ఇంకో 9,900 పడుతుంది, సెస్సు వేరే. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. 2022లో ఖరారు చేసిన రేట్ల ప్రకారం 150–350 సీసీకి 7,365, పైన ఉంటే 15,117. అంతా కలిపితే ఆన్‌రోడ్ తేడా 72 వేలు దాటిపోయింది. కొన్ని కంపెనీలు కొత్త భారాన్ని తామే భరిస్తామని ధరలు పెంచకుండా ఆపాయి, అది ఎన్నాళ్లన్నది వాళ్లిష్టం.

మరి స్పోర్ట్స్ బండ్లను కొట్టింది ఈ పన్నేనా? ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఆర్‌సీ 390 గీతకు అటు పడిందన్నది నిజమే. కానీ ఆర్ఆర్ 310, నింజా 300, 321 సీసీ ఆర్3 గీతకు ఇటే ఉన్నాయి, వాటికి పన్ను తగ్గింది. హిమాలయన్ 450, స్పీడ్ 400 కూడా ఆర్‌సీ లాగే అటు పడినవే. పైగా గిరాకీ మారింది పన్ను మారడానికి చాలా ఏళ్ల ముందు. పన్ను వల్ల 349 సీసీ ఎన్‌ఫీల్డ్‌లకు లాభం, ఆర్‌సీకి దెబ్బ అన్నంత వరకే దీన్ని తీసుకోవాలి.

పన్ను కంటే నాకు పెద్ద కారణంగా కనిపించేది మెట్టు ఎత్తు. 2015లో ఆర్3 మన దేశంలో 3.25 లక్షలకు వచ్చింది. 2020లో బీఎస్6 నిబంధనలతో ఆగిపోయి, 2023 డిసెంబర్‌లో దిగుమతి బండిగా 4.65 లక్షలకు తిరిగొచ్చింది. అప్పటికి ఆర్15 సుమారు 1.8 లక్షలు. పక్కపక్కన నిలబెడితే తెలియనివాళ్లకు రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. అన్న కోసం రెండున్నర రెట్లు కట్టడానికి ఎంతమంది సిద్ధపడతారు? 2025 మొదట్లో యమహా దాని ధర లక్షకు పైగా తగ్గించింది. మరోవైపు 2.05 లక్షలతో మొదలైన ఆర్‌సీ 390 (2014), ఆర్ఆర్ 310 (2017) చవగ్గా దొరికిన రోజుల్లో ఈ వరస కళకళలాడింది. చవగ్గా కొన్నా ఒక ఖర్చు మాత్రం వెంటాడేది: స్టాండ్ జారి పక్కకు పడినా పగిలేది ఫెయిరింగే.

## వాటా తగ్గడం వేరు, సంఖ్య తగ్గడం వేరు

ఒక ఊహా పట్టణం తీసుకుందాం. ఒక ఏడాది అక్కడ 250 సీసీ దాటిన బండ్లు 10,000 అమ్ముడుపోతే అందులో స్పోర్ట్స్ 2,000, అంటే 20 శాతం. అయిదేళ్ల తర్వాత మొత్తం 30,000 అయ్యాయి, స్పోర్ట్స్ 2,400. వాటా 8 శాతానికి పడిపోయింది, బండ్లు మాత్రం 400 పెరిగాయి. "కుప్పకూలింది" అని రాసినా, "పెరిగింది" అని రాసినా ఇద్దరూ అబద్ధం చెప్పలేదు.

మన దేశంలో ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే పక్క వరస విపరీతంగా ఉబ్బింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ అమ్మకాలు 2024–25 ఆర్థిక సంవత్సరంలో ఎగుమతులతో కలిపి మొదటిసారి 10 లక్షలు దాటాయి. 2020లో హోండా హైనెస్ సీబీ350, 2023 జూలైలో ట్రయంఫ్ స్పీడ్ 400, హార్లే ఎక్స్440 వచ్చాయి. ఈ బండ్లు కొన్నవాళ్లలో చాలామంది ఇవి లేకపోతే స్పోర్ట్స్ బండి కొని ఉండేవాళ్లేం కాదు.

## తప్పు కొనేవాళ్లదా, అమ్మేవాళ్లదా?

ఒక వాదన, రుచి మారిందని. 2009లో నింజా 250ఆర్, 2011లో హోండా సీబీఆర్250ఆర్ వచ్చినప్పుడు కుర్రాళ్ల గది గోడల మీద రేస్ బండ్ల పోస్టర్లు ఉండేవి. ఇప్పుడు ఫోన్‌లో లద్దాఖ్ రీల్స్ తిరుగుతున్నాయి. దీంట్లో నిజం ఉంది, కానీ రీల్స్ చూసి లద్దాఖ్ వెళ్లేవాళ్లెందరు? రోజూ ఆఫీసుకు వెళ్లేదే నిజమైన వాడకం, నిటారు బండి ఆ పనికీ బాగుంటుంది.

ఎదుటి వాదన, కంపెనీలే ఈ వరసను పస్తు పెట్టాయని. హోండా సీబీఆర్250ఆర్‌కు బీఎస్6 రూపమే ఇవ్వలేదు. నింజా 300 ఏళ్ల తరబడి పెద్ద మార్పు లేకుండా నడిచింది. 2023 సెప్టెంబర్‌లో 390 డ్యూక్‌కు కొత్త 399 సీసీ ఇంజిన్ వచ్చినప్పుడు ఆర్‌సీకి పాత 373 సీసీయే మిగిలింది. కొత్తది ఇవ్వకుండా కొనడం లేదంటే ఎలా అని అభిమానులు అడిగేదాంట్లో న్యాయం ఉంది. అయితే ఒకే ఇంజిన్ మూడు వేషాలు వేస్తుందనుకున్నాం కదా, కంపెనీ దగ్గర ఉన్న డబ్బు ముందు ఎక్కువ అమ్ముడుపోయే వేషానికే పోతుంది. అమ్మకం తగ్గితే కొత్త బండి ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే అమ్మకం ఇంకా తగ్గుతుంది. ఈ చక్రం ఎవరి దగ్గర మొదలైందో తేల్చడం కష్టం.

ఆ చక్రాన్ని తెంచాలని చూసినవాళ్లూ ఉన్నారు. 2023 డిసెంబర్‌లో అప్రిలియా ఆర్ఎస్ 457 ను 4.10 లక్షలకు దించింది, తయారీ బారామతిలోనే. అదే ఏడాది కవాసాకి 399 సీసీ నాలుగు సిలిండర్ల జెడ్ఎక్స్-4ఆర్‌ను 8.49 లక్షలకు పెట్టింది. ఈ బండ్లు కొనేవాళ్లకు సాధారణంగా ఇంట్లో స్కూటరో కారో వేరే ఉంటుంది. అన్ని పనులకూ ఒకే బండిగా కొనుక్కునే స్పోర్ట్స్ బైక్, ఆదివారానికీ చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కీ మాత్రమే తీసే రెండో బండి అయిపోయింది. గిరాకీ తగ్గడంలో ఎక్కువ భాగం ఇదేనని నా అంచనా.

## కరెంటు బండికీ హ్యాండిల్ లేచింది

టార్క్ పైన ఎక్కడో ఉండటం, కాలుష్య నిబంధనలు, సీసీ గీత, ఈ మూడూ పెట్రోల్ ఇంజిన్ తిప్పలు. బెంగళూరు కంపెనీ అల్ట్రావయొలెట్ 2022 నవంబర్‌లో 3.80 లక్షలతో తెచ్చిన ఎఫ్77కు ఈ మూడూ లేవు. మోటార్ కదలిన క్షణం నుంచే పూర్తి బలం ఇస్తుంది, సీసీ అన్నదే లేదు, కరెంటు బండి కాబట్టి జీఎస్టీ 5 శాతం. 2024 ఏప్రిల్‌లో వచ్చిన దాని రెండో రూపం మాక్ 2 ధర 2.99 లక్షల నుంచి మొదలైంది.

మిగిలిపోయింది వంపు ఒక్కటే. 2025 ఫిబ్రవరిలో కంపెనీ సూపర్‌స్ట్రీట్ అని ఇంకో రూపం తెచ్చింది. మోటార్, బ్యాటరీ మాక్ 2వే, మొదలయ్యే ధరా అదే 2.99 లక్షలు. మార్చిన వాటిలో ముఖ్యమైనది హ్యాండిల్‌బార్: క్లిప్-ఆన్‌లు తీసేసి, నిటారుగా కూర్చునేలా పైకి పెట్టారు.